బడి గోడ అవతలి పాఠం: పడమటి మండలాల్లో విజ్ఞాన యాత్రలు

ఎక్స్‌కర్షన్ అనగానే మన విద్యార్థులకు ముందుగా గుర్తుకు వచ్చేవి బస్సు, పాటలు, పులిహోర పొట్లాలు, ఆఖరున ఒక గ్రూప్ ఫోటో. ఇవి ఉండకూడదని నేననను. పిల్లలు బస్సెక్కినప్పుడు పాడకపోతే ఇంకెప్పుడు పాడతారు? అయితే విహారయాత్ర వేరు, విజ్ఞాన యాత్ర వేరు. మొదటిదానిలో చూడటంతో పని అయిపోతుంది. రెండోదానిలో చూసిన తర్వాతే పని మొదలవుతుంది.

ఈ కళాశాలలోనే వృక్షశాస్త్రం చదువుకుని, ప్రస్తుతం ఒక జూనియర్ కళాశాలలో అదే శాస్త్రం చెబుతున్నాను. చాలా ఏళ్ళుగా సెలవు రోజుల్లో హైస్కూలు పిల్లలను వెంటబెట్టుకుని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పొలాలకు, అడవులకు వెళ్తున్నాను. ఆ అనుభవంతో విద్యార్థి సంఘం వారి వార్షిక సంచికకు ఈ వ్యాసం రాస్తున్నాను. చెప్పదలచుకున్నది ఒకటే. ప్రకృతి పాఠం చెప్పటానికి మనకు ఎక్కడెక్కడి వర్షారణ్యాలో అక్కరలేదు. మన ఊరి పొలం, మన గుట్ట, మన చెరువు చాలు. కాకపోతే వాటిని పాఠంగా మార్చే పద్ధతి ఒకటి కావాలి. ఆ పద్ధతి లేకపోతే రైతు బిడ్డ కూడా తన పొలాన్ని బస్సు కిటికీలోంచి చూసినట్టే చూస్తాడు.

కొత్త ఆలోచన కాదు

పిల్లలను గదిలోంచి బయటికి తీసుకుపోవాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. రవీంద్రనాథ్ టాగూరు 1901లో శాంతినికేతన్‌లో చెట్ల నీడన బడి పెట్టారు. 1922లో దాని పక్కనే వ్యవసాయానికీ గ్రామ పునర్నిర్మాణానికీ శ్రీనికేతన్‌ను స్థాపించారు. ఆ టాగూరే 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కళాశాలలో విడిది చేసి, జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించిన సంగతి ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కరలేదు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన బేసిక్ విద్యకు మూలసూత్రం చేతిపని ద్వారా చదువు.

ఇతర దేశాల్లోనూ ఈ కృషి జరిగింది. బ్రిటన్‌లో క్షేత్రాధ్యయనం కోసం 1943లోనే ఒక మండలి ఏర్పడి, 1946లో ఫ్లాట్‌ఫర్డ్ మిల్ అనే చోట తన మొదటి కేంద్రాన్ని తెరిచింది. 1976లో మైకేల్ మోర్‌పర్గో అనే రచయిత, ఆయన భార్య క్లేర్ కలిసి, పట్నం పిల్లలు వారం రోజులు పల్లెలో ఉండి పశువులకు మేత వేసి, పొలం పని చేసే ఏర్పాటును డెవన్‌లో ప్రారంభించారు. మధ్య అమెరికాలోని కోస్టారికాలో లా సెల్వా అనే వర్షారణ్య కేంద్రాన్ని 1968లో విశ్వవిద్యాలయాల సమాఖ్య ఒకటి కొని, విద్యార్థుల అధ్యయనానికి తెరిచి ఉంచింది. మన పక్కనే కర్ణాటకలోని ఆగుంబేలో రోములస్ విటేకర్ 2005లో వర్షారణ్య పరిశోధనా కేంద్రం నెలకొల్పారు.

ఆగుంబేలో ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మదనపల్లె వైపు పడేది సుమారు ఏడు వందలు. అంటే పదో వంతు! ఈ లెక్క చెప్పగానే పిల్లలు, ‘అయితే మనకు అడవి లేదా సార్?’ అంటారు. ఉంది. ఎండాకాలం ఆకులు రాల్చి, నాలుగు చినుకులు పడగానే చిగురించే అడవి మనది. వర్షారణ్యంలో చెట్టు వెలుగు కోసం పోటీపడుతుంది, మన అడవిలో చెట్టు నీటి కోసం పోటీపడుతుంది. ఆకు ఎందుకు చిన్నదైంది, ముల్లు ఎందుకు వచ్చింది, బెరడు ఎందుకు మందమైంది అన్న ప్రశ్నలకు రేగు, తుమ్మ, బలుసు, మోదుగ దగ్గర నిలబడి జవాబు వెతికితే, పాఠ్యపుస్తకంలోని అనుకూలనాల అధ్యాయం మొత్తం కళ్ళముందు ఉంటుంది.

మదనపల్లె: కొండ ఒక ప్రయోగశాల

మదనపల్లెకు ముప్పై కిలోమీటర్ల లోపే హార్స్‌లీ కొండ ఉంది. దాని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర అక్కడ వేసవి బంగళా కట్టుకున్నాక ఆయన పేరు స్థిరపడింది. మా పిల్లలు అక్కడికి వెళ్ళేటప్పుడు ఒక ఉష్ణమాపకం వెంట తీసుకుపోతారు. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. కొండ తల సుమారు 1,265 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని పుస్తకం చెబుతుంది. ఆ లెక్కన కొండమీద ఎంత తగ్గాలి? బస్సులో కూర్చునే గుణించి, మూడున్నర నుంచి నాలుగు డిగ్రీలు అని రాసుకుంటారు. పైకి వెళ్ళాక నీడలో కొలుస్తారు. లెక్క సరిపోతే సంతోషం. సరిపోకపోతే ఇంకా సంతోషం, ఎందుకంటే గాలి, మబ్బు, కొలిచిన వేళ గురించి అప్పుడే చర్చ మొదలవుతుంది.

కొండమీద రెండు చెట్ల దగ్గర తప్పక ఆగాలి. ఒకటి ‘కల్యాణి’ అని పేరు పెట్టుకున్న యూకలిప్టస్. 1859లో నాటిందని చెబుతారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన జాతి మన కొండమీద ఇంత ఎత్తు ఎలా ఎదిగింది, దాని కింద ఏ మొక్కలు పెరుగుతున్నాయి, ఏవి పెరగటం లేదు అన్నది చూడాలి. రెండోది చందనం. చందనం వేళ్ళు పక్క మొక్కల వేళ్ళకు అతుక్కుని కొంత ఆహారం లాక్కుంటాయి. ఇంత పరిమళమిచ్చే చెట్టు పొరుగువాడి మీద ఆధారపడి బతుకుతుందంటే పిల్లలు మొదట నమ్మరు. చుట్టూ ఉన్న పొదలు కొట్టేస్తే చందనం ఏమవుతుందో వాళ్ళే ఊహించి చెబుతారు.

కొండకు అటువైపు రిషివ్యాలీ ఉంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో ఏర్పడిన పాఠశాల అది. మొదట్లో ఆ లోయ చెట్టూ చేమా లేని ఎండు నేల. పశువుల మేత నుంచీ, నిప్పు నుంచీ కొండవాలును కాపాడి, మొక్కలు నాటి, వాననీటిని నిలిపితే కొన్ని దశాబ్దాల్లో పచ్చబడింది. 1991లో ఆ లోయను పక్షి సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. దక్షిణాది రాతికొండల్లో తప్ప మరెక్కడా కనిపించని పసుపు గొంతు పికిలిపిట్ట అక్కడ ఉంది. ఆ సంస్థ చుట్టుపక్కల పల్లెల కోసం నడిపిన చిన్న బడుల్లో, పల్లె పిల్లలకు తెలిసిన వస్తువులతోనే అభ్యాస కార్డులు తయారుచేశారు. ఆ పద్ధతి తర్వాత దేశంలో చాలా చోట్లకు పాకింది. ఇక్కడ పాఠమేమిటంటే, అడవిని కొత్తగా పుట్టించటం కంటే, దాన్ని ఎదగనివ్వటం ముఖ్యం. కంచెకు లోపల పది అడుగుల చదరం, వెలుపల పది అడుగుల చదరం తాడుతో గీసి, రెండింటిలోని మొక్కల రకాలు లెక్కపెట్టిస్తే ఉపన్యాసం అక్కరలేదు.

పొలంలో ప్రశ్నలు

మదనపల్లె అంటే దేశానికంతా టమోటా. మా వైపు పాతవాళ్ళు ఇప్పటికీ తక్కాళి అనే అంటారు. ఉదయాన్నే మార్కెట్ యార్డుకు, తర్వాత ఒక తోటకు పిల్లలను తీసుకుపోతే అర్థశాస్త్రం, వృక్షశాస్త్రం ఒకే రోజు అయిపోతాయి. 2023 జూలై ఆఖరున ఇక్కడ మేలు రకం కిలో దాదాపు రెండు వందల రూపాయలు పలికింది. అదే పంటకు కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఉన్నాయి. ఎందుకలా జరుగుతుంది? నాటిన రెండు నెలలకు కోతకు వచ్చే పంట, కోసిన తర్వాత నాలుగు రోజులు నిలవని పంట, ధర చూసి అందరూ ఒకేసారి నాటే పంట. ఈ మూడు మాటలు పిల్లలు రైతు నోటనే వినాలి. బోరు ఎన్ని అడుగులు పోయింది, కట్టెలకూ పురికొసకూ ఎంత అయింది, మందు ఎన్నిసార్లు కొట్టారు, అప్పు ఎక్కడ తెచ్చారు అని అడగాలి. వాళ్ళ నోట్‌బుక్‌లో ఒక ఎకరా లెక్క పూర్తయ్యేసరికి, ఇంట్లో నాన్న రాత్రిళ్ళు ఎందుకు మౌనంగా ఉంటాడో కొందరికి అర్థమవుతుంది.

పొలంలో నేను చేయించే అభ్యాసం ఇంకొకటుంది. కనిపించిన ప్రతి పంటకూ పుట్టిల్లు కనుక్కోమంటాను. టమోటా, వేరుశనగ, మిరప, బొప్పాయి అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. మనం సంగటి చేసుకునే రాగి తూర్పు ఆఫ్రికా కొండల బిడ్డ. పట్టుపురుగు చైనాది. కంది, ఉలవ మన నేలవి. ఈ పట్టిక పూర్తయ్యాక పిల్లల ముఖాల్లో ఆశ్చర్యం చూడాలి! ఒక పల్లె పొలంలో ప్రపంచ చరిత్ర ఎంత ఉందో అప్పుడు తెలుస్తుంది.

మల్బరీ తోట ఉన్న ఇల్లు దొరికితే ఇంకో పూట అక్కడ గడపాలి. పట్టుపురుగు కుబుసం విడిచే ముందు ఆకు ముట్టక తల ఎత్తి నిశ్చలంగా ఉండటాన్ని రైతులు ‘జ్వరం’ అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం అని నాలుగు లెక్కపెడతారు. పుస్తకంలోని ‘నిర్మోచనం’ అనే మాట పిల్లలకు కొరుకుడు పడదు గానీ, ఇది వెంటనే పడుతుంది. ఒక మంచి గూటి దారం పొడవు సుమారు ఒక కిలోమీటరు ఉంటుందని చెప్పి ఊరుకోకుండా, ఆ కిలోమీటరును రోడ్డు మీద నడిపించాలి.

పుంగనూరు: చిన్న ఆవు, పెద్ద ప్రశ్న

పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. అంటే ఆరో తరగతి పిల్లవాడి నడుముకు కొంచెం పైన. పాలల్లో వెన్న శాతం ఎనిమిది వరకు ఉంటుందని చెబుతారు. మామూలు ఆవు పాలల్లో అది మూడు, నాలుగు. ఈ జాతిని పుంగనూరు వీధుల్లో వెతకటం కంటే పలమనేరు పశు పరిశోధనా స్థానంలో చూడటం సులభం. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడిచే ఆ కేంద్రంలో ఈ మందను కాపాడుతున్నారు.

పిల్లలకు ముద్దు వస్తుంది, నిమురుతారు, ఫోటో అడుగుతారు. కానివ్వండి. ఆ తర్వాత టేపు తీసి ఎత్తు, ఛాతీ చుట్టుకొలత కొలిపించండి. పక్కనే సంకరజాతి ఆవు ఉంటే దాన్నీ కొలవమనండి. రోజుకు ఏది ఎంత మేస్తుంది, ఎన్ని పాలిస్తుంది అని అడగమనండి. అప్పుడు అసలు ప్రశ్న వస్తుంది: ఇంత తక్కువ మేతతో కరువులో బతికే ఆవు, కరువు సీమలోనే ఎందుకు తగ్గిపోయింది? దుక్కికి ట్రాక్టరు వచ్చింది. పాలడబ్బు లీటర్ల మీద వస్తుంది గనుక ఎక్కువ లీటర్లిచ్చే జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు వచ్చాయి. ఎవరూ కావాలని ఈ జాతిని తరమలేదు. ప్రతి రైతూ తన ఇంటికి న్యాయమైన నిర్ణయమే చేసుకున్నాడు. అన్ని న్యాయమైన నిర్ణయాలూ కలిసి ఒక జాతిని అంచుకు నెట్టాయి.

ఇప్పుడు గాలి మారింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో ఈ ఆవులకు మేత పెట్టిన దృశ్యాలు దేశమంతా చూసింది. పట్నాల్లో ధనవంతులు లక్షలు పోసి కొంటున్నారు. జాతి బతకటం అంటే మేడ ముంగిట ముద్దుగా తిరగటమా, మళ్ళీ చిన్నరైతు కొట్టంలోకి రావటమా? ఈ ప్రశ్న తొమ్మిదో తరగతి పిల్లలు గంటసేపు వాదించుకోదగ్గది. ఉపాధ్యాయుడు తీర్పు చెప్పకుండా ఉంటే చాలు.

కుప్పం: ఏనుగు దారిలో

మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే కుప్పం దగ్గర, గుడివంకలో 1999లో ఏర్పడిన అగస్త్య ఫౌండేషన్ వారి విద్యాకేంద్రం ఉంది. సుమారు 172 ఎకరాలు. ఒకప్పుడు బండరాళ్ళ బీడు, ఇప్పుడు చెట్లున్న చోటు. చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలల పిల్లలు అక్కడికి వచ్చి చేతులతో ప్రయోగాలు చేసి పోతారు. రాలేని బడులకు ప్రయోగ సామగ్రి వాహనంలో వెళ్తుంది. మన విద్యార్థులు ఒక్కసారైనా చూసి రావలసిన స్థలం అది.

అయితే కుప్పం ప్రాంతంలో అతి కష్టమైన పాఠం అడవి అంచున ఉంది. 1980ల మధ్యలో హోసూరు వైపు అడవుల నుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు అడవుల్లోకి వచ్చి స్థిరపడ్డాయి. 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల అడవిని కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అప్పటినుంచీ కందకాలు తవ్వారు, సౌరవిద్యుత్ కంచెలు వేశారు. అయినా రాగి, చెరకు, అరటి, మామిడి పంటలు పోతూనే ఉన్నాయి. మనుషులూ చనిపోయారు, ఏనుగులూ చనిపోయాయి. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌కు శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఇచ్చింది. వాటికోసం పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం ఏర్పాటైంది.

ఒకసారి అడవి అంచున ఒక ఊళ్ళో చెట్టుకింద కూర్చోబెట్టి, వన్యప్రాణులను కాపాడటం మన బాధ్యత అన్న అంశం మీద మాట్లాడమన్నాను. పట్నం పిల్లలు చక్కగా మాట్లాడారు. ఆ ప్రాంతపు కుర్రవాడొకడు ఆఖరున లేచి, ‘ఏనుగును కాపాడాల్నంటే కాపాడదాం సార్. మా నాయిన కోత అయ్యేదాకా రాత్రంతా మంచి మీద మేలుకోనే ఉంటాడు. ఆయన్ని ఎవురు కాపాడేది?’ అన్నాడు. అందరూ నిశ్శబ్దమైపోయారు.

ఆ నిశ్శబ్దాన్ని నేను ఉపన్యాసంతో పూడ్చలేదు. ఆ మధ్యాహ్నం పిల్లలను నాలుగు బృందాలు చేసి ఊళ్ళోకి పంపాను. ఏనుగులు ఏ నెలల్లో వచ్చాయి, ఏ దారిన వచ్చాయి, అప్పుడు పొలంలో ఏ పంట ఉంది, దగ్గర్లో నీళ్ళెక్కడున్నాయి, నష్టపరిహారానికి ఎక్కడికి తిరిగారు అని అడిగి, అన్నీ ఒకే పటం మీద గుర్తించారు. సాయంత్రానికి ‘ఏనుగు పక్షమా, రైతు పక్షమా’ అన్న వాదం ఎవరూ చెయ్యలేదు. ఏ పంట ఎక్కడ వేస్తే మేలు, నీటిగుంట అడవి లోపల ఎక్కడ ఉండాలి, కబురు ఊరికి ముందుగా ఎలా చేరాలి అని మాట్లాడుకున్నారు. ఆ కుర్రవాడే పటం పట్టుకుని అందరికీ వివరించాడు. బడిలో వెనక బెంచీ వాడట, వాళ్ళ అయ్యవారు తర్వాత చెప్పారు.

పద్ధతి ఏమిటి?

పదేళ్ళకు పైబడిన అనుభవంలో నిలిచిన సూత్రాలు ఇవి.

1. ముందు ప్రశ్న, తర్వాత ప్రయాణం. యాత్రకు వారం ముందే తరగతిలో ఒక ప్రశ్న తయారుకావాలి. ఒక యాత్రకు ఒక ప్రశ్న చాలు.

2. నలభై మందికి ఒక ఉపాధ్యాయుడు అంటే గొర్రెల మంద. పదిమందికి ఒక పెద్ద విద్యార్థి తోడుండాలి.

3. రైతును గురువుగా కూర్చోబెట్టాలి. ఆయన పనివేళ అడిగి వెళ్ళాలి, తొక్కిన గట్టు సరిచేసి రావాలి. ఆ రోజు తెల్లచొక్కావాళ్ళు కింద కూర్చోవాలి.

4. కొలవాలి, గీయాలి, రాయాలి. అడవిలోంచి నోట్‌బుక్ తప్ప మరేమీ తీసుకురాకూడదు.

5. అటవీశాఖ అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి, తాగేనీరు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి వసతి, ప్రథమచికిత్స పెట్టె, పాము కరిస్తే చేరవలసిన ఆసుపత్రి ఎక్కడుందో ముందే తెలుసుకోవటం. ఇవి చిన్న విషయాలు కావు.

6. తిరిగి వచ్చాక పిల్లలు తయారుచేసిన పటం, పట్టిక ఆ ఊరికి ఒక ప్రతి చేరాలి. ఊరి దగ్గర తీసుకున్న జ్ఞానం ఊరికి తిరిగి ఇవ్వాలి.

ఎవరు వెళ్తున్నారు? ఎవరు వెళ్ళటం లేదు?

చట్టాల కొరత లేదు. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను పాఠశాలల్లో తప్పనిసరి చెయ్యాలంది. 2003లో మళ్ళీ హెచ్చరించింది. 2020 జాతీయ విద్యావిధానం, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివారి దగ్గర నేర్చుకోవాలంది. కాగితం మీద అంతా బాగుంది. వాస్తవంలో బస్సు అద్దె ఇచ్చుకోగల బడి పిల్లలే వెళ్తున్నారు. ఇవ్వలేని పిల్లలు, అంటే ఆ పొలాల మధ్యే పుట్టినవాళ్ళు, ‘బాగా చదవకపోతే మట్టి పిసుక్కోవలసిందే’ అన్న మాట వింటూ పెరుగుతున్నారు. తండ్రి చేసే పని శిక్షగా, తండ్రికి తెలిసింది అజ్ఞానంగా బిడ్డకు నేర్పే చదువు ఎవరికి మేలు చేస్తుంది?

విద్యార్థి మిత్రులారా! మీలో సగం మంది ఈ పడమటి మండలాల నుంచి వచ్చినవారే. బస్సు అద్దె లేకపోయినా, నడిచి చేరగల పొలం, గుట్ట, చెరువు లేని ప్రభుత్వ పాఠశాల ఈ ప్రాంతంలో లేదు. మన సంఘం ఏడాదికి నాలుగు ఆదివారాలు కేటాయించాలి. వానలు పడ్డాక ఒకటి, వేరుశనగ కోతలప్పుడు ఒకటి, చెరువులో పక్షులు దిగినప్పుడు ఒకటి, ఆకులు రాలే కాలంలో ఒకటి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, అర్థశాస్త్రం, తెలుగు చదివేవారు కలిసి ఒక్కొక్కరు పదిమంది పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళాలి. ఒక టేపు, ఒక ఉష్ణమాపకం, ఒక తాడు, కాగితాలు ఉంటే చాలు. తెలుగు విద్యార్థులు ఊరి మొక్కల పేర్లు, పనిముట్ల పేర్లు, ‘జ్వరం’ లాంటి మాటలు సేకరించి పెడితే అదొక నిఘంటువు అవుతుంది.

వచ్చే ఏడాది సంచికలో ఇలాంటి వ్యాసానికి బదులు ఆ పిల్లలు గీసిన నాలుగు పటాలు అచ్చవుతాయని ఆశిస్తున్నాను. మొదటి ఆదివారానికి ఏ ఊరు వెళ్దామో సంఘం నిర్ణయించి కబురు చేస్తే, ఆ పదిమందిలో ఒక బృందానికి తోడు రావటానికి నేను సిద్ధం.